లోపలి దారి, పైదారి

బంగాళాఖాతం ఒడ్డున ఇస్కపల్లి ఉప్పు కొటారుల్లో పొద్దు వాలాక పని ఆగుతుంది. ఆ వేళకి మడుల్లో నీళ్లు గాలికి కూడా కదలవు. గట్టు మీద పోసిన ఉప్పు కుప్పలు మాత్రం కళ్లు చెదిరేలా తెల్లగా ఉంటాయి. అక్కడ ఒక పెద్దావిడ గట్టున కూర్చుని, సీసాలోని మంచినీళ్లు కాసిని మోకాలి మీద పోసుకుని, కొంగుతో తుడుచుకుంది. తర్వాత నడుముకి దోపుకున్న చిన్న సంచిలోంచి మందు ట్యూబు తీసింది. దాన్ని అడుగునుంచి మడతలు పెట్టుకుంటూ వచ్చింది, చుక్క కూడా వృథా కాకూడదని. కొంచెం మందు వేలి మీదికి పిండి మోకాలి చిప్ప మధ్యలో పెట్టి, అక్కణ్నించి చుట్టూ, చిప్పకి రెండు పక్కలా ఉండే గుంటల్లోకి, మడమ వైపు కాకుండా తొడ వైపు, నిదానంగా రాసుకుంటూ పోయింది.

"బిళ్ల వేసుకోకూడదా పెద్దమ్మా?" అన్నాను.

"బిళ్లేసుకుంటే కడుపులో మంట నాయనా. నొప్పి కాల్లో గదా ఉండాది, కడుపుకెందుకు మందు?"

ఇది తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదు. మందుల తయారీలో నూట ముప్పై ఏళ్లుగా నడుస్తున్న పని అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. చాలామంది మింగే మాత్రని అసలు మందుగా, పూతని ఓదార్పుగా చూస్తారు. నాకు అలా కనిపించదు. రెండింటిలోనూ ఒక్కోసారి ఒకే పదార్థం ఉంటుంది. తేడా అది నడవాల్సిన దారిలో ఉంది. ఆ దారికి తగ్గట్టు మందుని ఎలా చెక్కారో చూస్తే, చవగ్గా దొరికే బిళ్లలోనూ, నలిగిపోయిన ట్యూబులోనూ ఎంత పనితనం దాగుందో తెలుస్తుంది.

ముందు నొప్పి సంగతి. మోకాలు దెబ్బతిన్నా, అరిగినా, రోజంతా వంగి లేచి వాచినా, అక్కడి కణాల పొరల్లో ఉండే ఒక కొవ్వు ఆమ్లం విడివడుతుంది. సైక్లో ఆక్సిజినేజ్ అనే ఎంజైము దాన్ని పట్టుకుని ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తుంది. ఈ ప్రోస్టాగ్లాండిన్లు నేరుగా నొప్పి పుట్టించేది తక్కువ. ఇవి చేసే పని వేరు: నొప్పి కబురు మోసే నరాల కొసల్ని అతి సున్నితం చేస్తాయి. మామూలుగా పట్టించుకోనంత ఒత్తిడి కూడా అప్పుడు నొప్పిగా తోస్తుంది. వాచిన మోకాలికి చీర అంచు తగిలినా ఉలిక్కిపడేది ఇందుకే. ఆస్పిరిన్ వంటి మందులు ఈ ఎంజైముకే అడ్డుపడతాయని 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ చూపించాడు. ఆ పనికి 1982లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఆస్పిరిన్ అమ్మకం మొదలైన డెబ్బై ఏళ్లకి గానీ అది ఏం చేస్తోందో ఎవరికీ తెలియలేదు.

అయితే ఆ ప్రోస్టాగ్లాండిన్లు ఒక్క మోకాల్లోనే పుట్టవు. కడుపు లోపలి పొర తన ఆమ్లానికి తానే కాలిపోకుండా జిగురు పూసుకునేది వీటి సాయంతోనే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాల్లోకి రక్తం తెచ్చే సన్నని నాళాలు మూసుకుపోకుండా తెరిచి పట్టుకునేవీ ఇవే. ఒంటి నిండా ఉండే పనివాళ్లని ఒక్క మోకాలి కోసం ఆపేస్తే, మిగతా చోట్ల పనీ ఆగుతుంది. పెద్దమ్మ చెప్పిన కడుపు మంట అసలు కథ ఇదే.

ఇక ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరి గురించి చెప్పాలి. తల్లి పేరు సాలిసిలిక్ ఆమ్లం. దీని అణువుకి రెండు చేతులున్నాయనుకోండి. ఒక చేతిలో ఆమ్ల గుణం, రెండో చేతిలో హైడ్రాక్సిల్ గుంపు. గంధపూర తైలం అని ఆయుర్వేదం పిలిచే నూనె నీలగిరి కొండల్లోనూ, ఈశాన్య కొండల్లోనూ పెరిగే ఒక పొద ఆకుల్లోంచి వస్తుంది. ఆ నూనె నిండా ఉండేది మిథైల్ సాలిసిలేటు. ఇందులో ప్రకృతి ఆమ్లపు చేతికి చిన్న తొడుగు తొడిగింది. ఆమ్లం కప్పబడగానే ఆ పదార్థం నూనెలా మారింది, ఆవిరయ్యే గుణం వచ్చింది, కొవ్వులో కలిసిపోతుంది. చర్మం దాన్ని రానిస్తుంది. చర్మం లోపలికి వెళ్లాక అక్కడి ఎంజైములు ఆ తొడుగు ఊడదీసి మళ్లీ సాలిసిలిక్ ఆమ్లాన్ని బయటికి తెస్తాయి.

1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ తొడుగు వేసింది రెండో చేతికి. ఆమ్లాన్ని వదిలేసి హైడ్రాక్సిల్‌కి ఎసిటైల్ తొడిగాడు. అలా వచ్చిన గట్టి తెల్లని పొడే 1899లో ఆస్పిరిన్ పేరుతో బజారుకొచ్చింది. పొడి గనక అచ్చులో పోసి నొక్కితే బిళ్ల అవుతుంది. నోటి దారిన పంపడానికి బాగుంటుంది. ఒకే అణువు, తొడుగు ఏ చేతికి వేశామన్న దాన్నిబట్టి ఒకటి చర్మం దారి పట్టింది, ఇంకొకటి గొంతు దారి పట్టింది. ఇంత చిన్న మార్పుతో ఇంత పెద్ద దారి మారడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

తెలుగువాళ్లకి పైదారి ముందు పరిచయమైంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. మొదట్లో సంగీత కచేరీలకి వచ్చినవాళ్లకి ఆ పసుపు బామును ఊరికే పంచేవారట. ఆ డబ్బా అమ్మకాల మీదే తర్వాత ఆంధ్రపత్రిక నడిచింది, భారతి మాసపత్రిక నడిచింది. అదే 1893లో జర్మనీలో జోసెఫ్ ఫాన్ మేరింగ్ అనే వైద్యుడు పారాసిటమాల్‌ను రోగులకిచ్చి చూసి ఫలితాలు ప్రకటించాడు. ఈనాడు మన ఇళ్లలో ఒకే అలమరాలో పక్కపక్కన ఉండే డబ్బా, బిళ్లల అట్ట రెండూ ఒకే ఏడాది మనుషుల దాకా వచ్చాయన్న మాట. ఒకటి ఇంటింటికీ చేరింది. రెండోది యాభై ఏళ్లకి పైగా పక్కన పడి ఉంది. 1948లో బ్రాడీ, ఏక్సెల్‌రాడ్ అనే ఇద్దరు దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

లోపలి దారిని చూద్దాం. మందుల షాపులో ఒళ్లునొప్పులకి ఎక్కువగా అడిగే వాటిలో ఒకటైన డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాముల మాత్రని చేతిలోకి తీసుకోండి. తూకం వేస్తే యాభై మిల్లీగ్రాముల కన్నా చాలా ఎక్కువ తూగుతుంది. మందు కాని మిగతాదంతా దారి బత్తెం. పిండిని ముద్దగట్టి పట్టి ఉంచే బంధకం, బిళ్లకి ఒడ్డూ పొడుగూ ఇచ్చే సెల్యులోజ్, నీళ్లు తగలగానే ఉబ్బి బిళ్లని లోపలినుంచి పగలగొట్టే పిండి పదార్థం, అచ్చుకి అంటుకోకుండా రవ్వంత మెగ్నీషియం స్టియరేటు. ఈ చివరిది జారుడు పదార్థం. తక్కువైతే బిళ్ల అచ్చులోనే పట్టేస్తుంది. ఎక్కువైతే ప్రతి రేణువుకీ జిడ్డు పట్టి, బిళ్ల నీళ్లలో విడివడనే విడివడదు. మందు పొడి సరిగ్గా ఉన్నా, ఈ జిడ్డు పాళ్లు తప్పితే బిళ్ల పేగుల్లోంచి రాయిలా దాటిపోవచ్చు.

చాలా మందుల పొడిని నేరుగా అచ్చులో పోసి నొక్కడం కుదరదు. పొడి సరిగా జారదు, ఒక అచ్చులో ఎక్కువ, ఇంకో అచ్చులో తక్కువ పడుతుంది. అందుకే ముందు దాన్ని తడిపి, రవ్వలా చేసి, ఆరబెడతారు. పిండిని ఉప్మా రవ్వగా మార్చినట్టు. పారాసిటమాల్ స్ఫటికాలైతే మరీ మొండివి. నొక్కినప్పుడు ఒదిగి, ఒత్తిడి తీసేయగానే వెనక్కి సాగుతాయి, దాంతో బిళ్ల పైకప్పు మూతలా ఊడిపోతుంది. హైదరాబాదు గ్రాన్యూల్స్ కంపెనీ పేరులోనే ఈ పని ఉంది: అచ్చులో పోయడానికి సిద్ధంగా ఉండే రవ్వని చేసి ప్రపంచమంతా అమ్మడం వాళ్ల ప్రత్యేకత. మన తీరం వెంబడే ఇంకాస్త పైకి, భీమునిపట్నం దగ్గర, దివీస్ వాళ్లు నాప్రాక్సెన్ చేస్తారు. ఆ నొప్పి మందు తయారీలో ప్రపంచంలోనే పెద్దవాళ్లలో వాళ్లూ ఒకరు. అమెరికాలో ఎవరి నడుమునొప్పో తగ్గించే బిళ్ల మన బంగాళాఖాతం ఒడ్డున పుట్టి ఉండొచ్చు.

డైక్లోఫెనాక్ బిళ్ల పైన ఉండే సన్నని పూత ఇంకా తెలివైనది. అది పంచదార పూత కాదు, రంగు కోసమూ కాదు. ఆ పూతలోని పెద్ద అణువుల గొలుసులకి పొడుగునా ఆమ్లపు గుంపులు వేలాడుతుంటాయి. కడుపులో ఆమ్లం గాఢంగా ఉంటుంది గనక అవి తమ హైడ్రోజన్‌ని వదలవు. గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని గట్టి కవచంలా ఉంటాయి. బిళ్ల కడుపు దాటి చిన్నపేగుల్లోకి జారగానే ఆమ్లం చప్పబడుతుంది. అప్పుడు ఆ గుంపులు హైడ్రోజన్ని వదిలేసి విద్యుదావేశం పొందుతాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కవచం కరిగిపోతుంది. ఏ కాపలావాడూ లేడు, ఏ గడియారమూ లేదు. బిళ్ల తాను ఎక్కడుందో చుట్టూ ఉన్న పులుపుని బట్టే తెలుసుకుంటుంది. అందుకే ఈ బిళ్లని నమలకూడదు, విరగ్గొట్టకూడదు. విరిగిందంటే కవచం పోయినట్టే. ఆ పూత వల్లనే మందు రక్తంలో పతాక స్థాయికి చేరడానికి రెండు గంటల దాకా పడుతుంది. పూత లేని పొటాషియం ఉప్పు రూపమైతే గంటలోపే చేరుతుంది. నొప్పికి తాళలేని వాడికి ఆ గంట తేడా చిన్నది కాదు.

పేగులు పీల్చుకున్న మందు నేరుగా మోకాలికి వెళ్లదు. ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడే సుమారు సగం వేరే పదార్థాలుగా మారిపోతుంది. మిగిలిన సగంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లకి పైగా రక్తంలోని ఆల్బ్యుమిన్ ప్రోటీనుకి అతుక్కుని తిరుగుతుంది. అతుక్కోని ఆ చిటికెడే పని చేసేది. అది ఒళ్లంతా తిరిగి, కీళ్ల మధ్య ఉండే జిగట ద్రవంలోకి ఊరుతుంది. ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. రక్తంలో డైక్లోఫెనాక్ గంటా రెండు గంటలకొకసారి సగానికి సగం తగ్గిపోతుంది. కీలు ద్రవంలోంచి మాత్రం అంత త్వరగా బయటికి రాదు. నాలుగైదు గంటలకి రక్తంలో కన్నా కీలులోనే ఎక్కువ ఉంటుంది. రక్తంలోంచి పోయినా నొప్పి తగ్గే ఉండడానికి కారణం ఇదే. అంత దూరం తిరిగి వచ్చినా, చివరికి అవసరమైన చోట కాస్త నిలిచే గుణం ఆ అణువుకి ఉంది.

ఇక పైదారి. ఇక్కడ ఎదురయ్యేది గోడ.

చర్మం పైపొర, అంటే చచ్చిన కణాల పొర, పది ఇరవై మైక్రోమీటర్ల మందం. మామూలు కాగితంలో నాలుగో వంతు కూడా ఉండదు. ఇంత సన్నని పొర మనల్ని ఉప్పునీళ్లలో పొద్దస్తమానం నిలబడినా ఊరిపోకుండా కాపాడుతోంది. దాని కట్టుబడి ఇటుక గోడ లాంటిది. ఇటుకలు చచ్చి చదునైన కణాలు, వాటి నిండా కెరటిన్. అలాంటి వరసలు పదిహేను ఇరవై. ఇటుకల మధ్య సున్నం కొవ్వు: సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు పొరలు పొరలుగా. ఈ గోడలోంచి దూరాలంటే మందు అణువు చిన్నదై ఉండాలి. ఐదు వందల డాల్టన్ల బరువు దాటితే దాదాపు దూరలేదని 2000లో బాస్, మైనార్డి అనే పరిశోధకులు ఒక కొలబద్ద చెప్పారు. చిన్నదైతే చాలదు. కొవ్వులో కలిసిపోయే గుణం ఉండాలి, లేకపోతే సున్నంలోకే దిగదు. నీళ్లలో కలిసే గుణమూ కొంత ఉండాలి, లేకపోతే గోడ లోపలి వైపు ఉన్న తడి కణజాలంలోకి దిగకుండా ఆ కొవ్వులోనే ఉండిపోతుంది. డైక్లోఫెనాక్ బరువు మూడు వందల లోపే. రెండు గుణాలూ కొద్దికొద్దిగా ఉన్నాయి. కానీ దాన్ని అలాగే చర్మం మీద చల్లితే పని జరగదు. దాన్ని గోడ దాకా తీసుకెళ్లి, తలుపు తీయించే వాహనం కావాలి. ఆ వాహనమే జెల్.

మంచి జెల్ చేయడం ఎంత సున్నితమైన పనో చూడండి. కార్బోమర్ అనే తెల్లని పొడి ఉంటుంది. నూరు పాళ్ల నీళ్లకి ఒక పాలు చాలు. నీళ్లలో వేస్తే మొదట పల్చగా, పుల్లగా ఉంటుంది. దాని పొడవైన గొలుసులు ముడుచుకుని ఉండలుగా ఉంటాయి. అందులో ఒక క్షారం కలుపుతారు. క్షారం తగలగానే గొలుసుల మీది ఆమ్లపు గుంపులకి ఋణావేశం వస్తుంది, అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఉండలు విప్పుకుని వలలా పరుచుకుంటాయి. ఆ వల కళ్లలో నీళ్లు చిక్కుకుని, పల్చని ద్రవం చూస్తుండగానే ముద్దగా నిలబడుతుంది. జువ్వలదిన్నె ఒడ్డున విప్పి ఆరేసిన వల చూస్తే నాకు ఈ గొలుసులే గుర్తొస్తాయి. ఇందులో ఇంకో పొదుపు కూడా ఉంది. కలిపే క్షారం డైఇథైల్ అమీన్. వల విప్పేది అదే, డైక్లోఫెనాక్‌తో కలిసి దాని ఉప్పుగా మారేదీ అదే. ట్యూబు మీద "డైక్లోఫెనాక్ డైఇథైలమీన్ 1.16 శాతం" అని రాసి ఉండేది ఈ రూపాన్నే. అది 1 శాతం సోడియం ఉప్పుకి సమానం.

జెల్‌కి ఇంకో రెండు తోడ్పాట్లు. ఒకటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్: రాసిన నిమిషానికే ఆవిరైపోతుంది. రాయగానే చల్లగా అనిపించేది అందుకే. ఆవిరైపోయే కొద్దీ మిగిలిన మందు చర్మం మీద చిక్కబడుతుంది, గోడ మీద దాని ఒత్తిడి పెరుగుతుంది. రెండోది ప్రొపైలిన్ గ్లైకాల్: ఇది తానే గోడలోకి దిగి, అక్కడి కొవ్వులో మందు కరగడానికి చోటు చేస్తుంది. మన దేశంలో అమ్మే చాలా జెల్‌లలో వీటితో పాటు గంధపూర తైలం, మెంథాల్, అవిసె గింజల నూనె కూడా కలుపుతారు. కొన్నింట్లో నూనె చుక్కల్ని జెల్ లోపల బంధిస్తారు. రాసేటప్పుడు అవి చర్మం మీద పరుచుకుని, వేలు జారడానికి పనికొస్తాయి, కొవ్వు దారికి పొత్తు కలుపుతాయి. నొక్కితే జారడం, వదిలేస్తే నిలవడం జెల్ గుణం. అందుకే ట్యూబు మూత తీసినా కారిపోదు, వేలు తగిలితే పరుచుకుంటుంది.

పెద్దమ్మ ముందుగా మంచినీళ్లతో మోకాలు కడుక్కోవడం నాకు మొదట చెమట తుడుచుకోవడంలా తోచింది. తర్వాత అర్థమైంది. కార్బోమర్ వలకి పెద్ద శత్రువు ఉప్పు. సోడియం అయాన్లు వచ్చి గొలుసుల ఋణావేశాన్ని కప్పేస్తే, అవి ఒకదాన్నొకటి తోసుకోవడం మానేసి మళ్లీ ముడుచుకుంటాయి. జెల్ నీళ్లయిపోతుంది. ఉప్పు మడిలో రోజంతా నిలబడిన కాలి మీద కడగకుండా రాస్తే అది వేలి కిందే పల్చబడి చీలమండ దాకా కారిపోతుంది. కొటారులో పని చేసే వాళ్లకి ఈ సంగతి రసాయన శాస్త్రం చెప్పలేదు, కారిపోయిన మందు చెప్పింది.

ఇప్పుడు లెక్క. మోకాలికి ఒకసారి నాలుగు గ్రాములు, రోజుకి నాలుగుసార్లు రాయమని అమెరికాలో ఈ జెల్ డబ్బా మీద ఉంటుంది. కొలవడానికి ఒక కార్డు కూడా ఇస్తారు. పదహారు గ్రాముల్లో నూట అరవై మిల్లీగ్రాముల మందు. మాత్రల రూపంలో రోజుకి మూడు వేస్తే నూట యాభై. అంటే ఒంటికి తాకే మందు దాదాపు సమానమే. కానీ రక్తంలో చేరేది చూస్తే, పూత వల్ల వచ్చేది మాత్ర వల్ల వచ్చేదానిలో సుమారు 6 శాతం. మిగతాదంతా గోడ దగ్గరో, దాని కిందనో ఉండిపోతుంది, లేదా బట్టకి అంటుకుపోతుంది. ఇది వృథా అని అనుకోకండి. దీన్ని నేను పనితనం అంటాను. మోకాలి చుట్టూ ఉన్న కణజాలంలో మందు చిక్కగా ఉంటుంది, కడుపుకీ మూత్రపిండాలకీ మాత్రం ఆ పదహారో వంతే చేరుతుంది. మెలికలు, బెణుకుల మీద జరిపిన పరీక్షలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో ఈ జెల్ బాగా నిలబడింది. అరిగిన మోకాళ్లలో కూడా ఉత్తి పూత కన్నా మేలని తేలింది, కాకపోతే తేడా కొంచెమే. 2022లో బ్రిటన్ వైద్య మార్గదర్శకం మోకాలి అరుగుదలకి మొదట పూతనే ఇవ్వమంది.

దారిలో ఇంకొక కొలత ఉంది: లోతు. మోకాలు, మోచెయ్యి, మణికట్టు, వేళ్ల కణుపులు చర్మానికి దగ్గర. తుంటి కీలు కండ కింద బాగా లోపల ఉంటుంది, జెల్ అంత దూరం చేరదు. అందుకే మైపాడు ఒడ్డున అలివి వల తాడు లాగే చేతి మణికట్టుకి పూత బాగా పనికొస్తుంది. నాట్లు వేసి వచ్చిన నడుముకి, లోపలి కండలు పట్టేస్తే, అంతగా పనికిరాదు. అరచేతి మీద చచ్చిన పొర చాలా మందం కూడా. తెడ్డు పట్టి కాయలు కాచిన చేతుల్లోంచి మందు దూరడం కష్టం.

బామ్ సంగతి వేరు. అమృతాంజనం లాంటి బాముల్లో సాలిసిలేటు ఉన్నా, ముందు తెలిసేది కర్పూరం, మెంథాల్. వీటి కలయికలో ఒక వింత ఉంది, ఎవరింట్లోనైనా చేసి చూడొచ్చు. కర్పూరం గట్టి స్ఫటికం, నూట డెబ్బై డిగ్రీలు దాటితే గానీ కరగదు. మెంథాల్, అంటే పుదీన పువ్వు, నలభై డిగ్రీల పైన కరుగుతుంది. రెండింటినీ కలిపి నూరితే, వేడి లేకుండానే రెండూ నీళ్లవుతాయి. అందులో వాము పువ్వు కూడా కలిపితే మన నాయనమ్మల అమృతధార. ఒకదాని స్ఫటిక వరస ఇంకొకదాని రాకతో చెదిరి, ఆ గది వేడికే విడివడుతుంది. ఈ ద్రవం మైనం పట్టిన ముద్దలో కలిసి డబ్బాలో గట్టిగా కూర్చుంటుంది, ఒంటి వేడి తగలగానే మెత్తబడి మందుని వదులుతుంది.

మెంథాల్ నిజంగా చల్లబరచదు. చర్మంలో చల్లదనాన్ని కనిపెట్టే ఒక తలుపుని తెరుస్తుంది. ఆ తలుపుని 2002లో ఇద్దరు వేరువేరుగా గుర్తించారు: డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటాపూటియన్. అంతకు ముందే 1997లో జూలియస్ మిరపకాయ కారానికి స్పందించే తలుపుని కనుక్కున్నాడు. ఇద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది. గుంటూరు మిరపకాయ మండేదీ, బామ్ చల్లగా అనిపించేదీ ఒకే రకం తలుపుల మాయ. ఆ చల్లని కబురు, రుద్దే చేతి ఒత్తిడి కబురు వెన్నుపాములోకి ముందుగా చేరితే నొప్పి కబురుకి దారి ఇరుకవుతుందని మెల్జాక్, వాల్ 1965లో చెప్పారు. దెబ్బ తగలగానే చేత్తో రుద్దుకోవడం ఎంత పాతదో అంత నిజమైన వైద్యం. మన పల్లెల్లో రాళ్లుప్పు పెనం మీద వేయించి గుడ్డలో మూటకట్టి మోకాలికి కాపడం పెడతారు కదా. ఉప్పు గింజలు వేడిని మెల్లగా వదులుతాయి, మూట కీలు ఆకారానికి ఒదుగుతుంది. మందు లేని పూత అది.

హైదరాబాదులో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్ లోపలి దారి, పైదారి అనే విభజనకే లొంగదు. యూకలిప్టస్ నూనె, కర్పూరం, మెంథాల్, వాము పువ్వు కలిసిన ఆ ఎర్రటి నూనెని నుదుటికి రాస్తారు, నీళ్లలో చుక్కలేసి తాగుతారు. కానీ ఒక దారికి చేసిన మందు ఇంకో దారిన పోతే ఏమవుతుందో గంధపూర తైలం చూపిస్తుంది. దాన్ని ఒక్క టీస్పూను మింగితే అందులోని సాలిసిలేటు ఇరవైకి పైగా ఆస్పిరిన్ బిళ్లలకి సమానం. చర్మం మీద మెల్లగా దిగేది కడుపులో ఒక్కసారిగా దిగుతుంది. చంటి పిల్లలున్న ఇంట్లో ఆ సీసా అటక మీదే ఉండాలి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు ఆ పూతని ఒళ్లంతా పులుముకోకూడదు.

పూతకి ఇంత ప్రశంస ఇచ్చినా మాత్ర లేకుండా కుదరని చోట్లున్నాయి. ఒకేసారి ఆరు కీళ్లు వాచినప్పుడు, పంటి నొప్పికి, నెలసరి నొప్పికి, తుంటికి, జ్వరంతో ఒళ్లు నొప్పులకి లోపలి దారే దారి. అయితే మన తీరంలో ఒక జాగ్రత్త ఎక్కువ కావాలి. వైశాఖం ఎండలో ఉప్పు మడిలో నిలబడ్డ మనిషి చెమటలో నీరు కోల్పోతాడు. అప్పుడు మూత్రపిండాల్లోకి రక్తం తెచ్చే నాళాలు తెరుచుకుని ఉండటానికి ప్రోస్టాగ్లాండిన్ల మీదే ఆధారపడతాయి. సరిగ్గా ఆ వేళలో డైక్లోఫెనాకో, ఐబుప్రొఫెనో మింగితే ఆ ఆసరా తీసేసినట్టే. నీళ్లు తాగకుండా, రోజుల తరబడి, నొప్పి పుట్టినప్పుడల్లా వేసుకునే అలవాటు మూత్రపిండాలకి మెల్లగా చేటు చేస్తుంది. ఇప్పటికే మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, కడుపు పుండ్లు ఉన్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు మాత్ర వేసుకునే ముందు డాక్టరుని అడగాల్సిందే. జెల్ కూడా పుండు మీద, చీలిన చర్మం మీద రాయకూడదు. రాసిన చోట గట్టిగా కట్టు కట్టి వేడి కాపడం పెడితే గోడ మెత్తబడి ఎక్కువ లోపలికి పోతుంది, చర్మమూ కాలొచ్చు. రాసి ఎండలోకి వెళ్లడమూ మంచిది కాదు. ఆవిడ పొద్దు వాలాక రాసుకోవడంలో ఆ వివేకం కూడా ఉంది.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. ట్యూబు ఎన్నాళ్లొస్తుందని అడిగితే, "నెలొస్తాది" అంది. ముప్పై గ్రాముల ట్యూబు అది. సరైన కొలతకి రెండు రోజుల మందు. కాబట్టి ఆవిడకి నొప్పి తగ్గించేదాంట్లో కొంత జెల్, కొంత మెంథాల్, కొంత ఆ నిదానమైన చేయి. నాలుగు గ్రాములంటే ఎంతో వేలి కొస నుంచి మొదటి కణుపు దాకా గీత గీసి చూపించాను, అలాంటివి ఎనిమిదని. ఆవిడ తల అడ్డంగా ఊపింది, "అంత పెడితే ట్యూబు ఎవురు కొనిస్తారబ్బయ్యా" అని.

ఇంతలో మనవడు గట్టు మీదనుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ వాణ్ని ఎత్తుకోబోయి ఆగి, సీసాలో మిగిలిన మంచినీళ్లతో రెండు చేతులూ రుద్ది కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడు ఎత్తుకుంది.

"కడుక్కోమని ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"ఒకపాలి వీడి కంట్లో పడి తెల్లార్లూ ఏడ్చినాడు నాయనా" అంది, వాడి మొహం మీది జుట్టు వెనక్కి తోస్తూ.